కారూ, నేనూ, రెండు బకెట్లూ

దసరా ముందురోజు. గుమ్మాలకు పసుపు రాయడం అయింది. మామిడాకులు కట్టడం అయింది. పులిహోరకు చింతపండు నానబోసి ఇవతలకు వచ్చేసరికి మావారు వరండాలో నిలబడి, "కారు కడిగే అబ్బాయి పండక్కి ఊరెళ్ళాడుట. రేపు పూజకి ఎట్లా?" అన్నారు.

"అదేమన్నా బ్రహ్మవిద్యా? నేను కడుగుతాలెండి" అన్నాను.

ఆ మాట అని రెండేళ్ళు దాటింది. బ్రహ్మవిద్య కాదు గానీ, అదీ ఒక విద్యేనని ఆ రోజే తెలిసింది నాకు.

పదిహేనేళ్ళుగా గిన్నెలు తోముతున్న చెయ్యి నాది. ఇక భయమేమిటి? బట్టల పౌడరు ఓ గుప్పెడు నీళ్ళలో కలిపాను. మా ఇంటి ముందు వేపచెట్టుంది. నీడ ఎంత చల్లనో, దాని మీది కాకులు అంత ధారాళం. బానెట్ మీద కాకిరెట్ట ఎండి అట్టకట్టుకుపోయింది. నీళ్ళు పోసి గుడ్డతో తుడిస్తే పోలేదు. లోపలికి వెళ్ళి గిన్నెలు తోమే పచ్చ పీచు తెచ్చి రెండు చేతులా రుద్దాను. పోయింది! అంతటితో ఆగానా? ఎట్లాగూ పీచు చేతిలో ఉంది కదా అని బానెట్ అంతా ఒకసారి తోమేశాను.

మర్నాడు పొద్దున్న ఎండ పడ్డాక చూద్దును కదా, ముదురు నీలం బానెట్ నిండా సాలెగూడు అల్లినట్టు గీతలు! మావారు అటు నుంచి ఒకసారీ, ఇటు నుంచి ఒకసారీ చూశారు. ఏమీ అనలేదు. ఏదన్నా అన్నా బాగుండేది. అత్తయ్యగారు మాత్రం, "ఇనప పెనం అనుకున్నావుటే అమ్మాయ్!" అని నవ్వేశారు. ఆ గీతల మీదే పసుపూ కుంకుమా పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలుంచి, హారతిచ్చాను. లోపల మాత్రం చివుక్కుమంటూనే ఉంది.

నేను కెమిస్ట్రీతో బియ్యెస్సీ చేసినదాన్ని. ఆమ్లాలూ క్షారాలూ పరీక్షల్లో పేజీలకు పేజీలు రాసినదాన్ని. ఆ చదువు కారు దాకా ఎందుకు రాలేదు? ఆలోచిస్తే చిన్నప్పటి సంగతొకటి గుర్తొచ్చింది. మా నాన్నగారు ప్రతి ఆదివారం స్కూటరు కడిగేవారు. బ్రష్షు అన్నయ్య చేతికిచ్చేవారు. నా పని గుడ్డ అందించడం. చక్రం మీద చెయ్యి వేయబోతే, "గ్రీజు అంటుతుందమ్మా, నువ్వు లోపలికి పో" అనేవారు. ప్రేమతోనే అనేవారు. ఆ ప్రేమతోనే బండి సంగతి నాది కాదని నాకు అలవాటైపోయింది. పెళ్ళయ్యాక కారొచ్చినా ఎడంపక్క సీట్లో కూర్చోవడమే తప్ప, టైరులో గాలి ఎంతుండాలో కూడా ఎన్నడూ అడగలేదు.

సరే, చెడగొట్టింది నేనే కాబట్టి నేర్చుకునేదీ నేనే అనుకున్నాను. చదివాను, అడిగాను, చేసి చూశాను. తెలుసుకున్నదేమిటో చెబుతాను.

వెంట్రుక మందం కూడా లేదు!

కారు రేకు మీద తుప్పు పట్టకుండా ప్రైమర్, దాని మీద రంగు, ఆ పైన పారదర్శకంగా ఉండే పూత ఒకటి ఉంటాయి. ఆ పై పూతనే క్లియర్ కోట్ అంటారు. కారు మెరిసేది దానివల్లే. దాని మందం సాధారణంగా 40, 50 మైక్రాన్లు. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు! ఆ కాస్త పొర మీదే నేను పీచు పెట్టి తోమానన్న మాట. అరిగిన పొర మళ్ళీ పెరగదు.

పీచు ఒక్కటే కాదు, పొడిగుడ్డ కూడా దీనికి శత్రువే. కారు మీద పడే రోడ్డు దుమ్ములో సన్నటి ఇసుక ఉంటుంది. పొద్దున్నే పొడిగుడ్డతోనో, ఈకల కుంచెతోనో దులిపితే ఆ ఇసుకను రంగు మీద ఈడ్చినట్టే. కారు తుడిచే అబ్బాయి పది కార్లను ఒకే గుడ్డతో తుడిస్తే పది కార్ల ఇసుకా మన కారుకే రావచ్చు. తప్పు అతనిది కాదు. మన కారుకని రెండు మెత్తటి గుడ్డలు విడిగా ఇచ్చి, "ముందు నీళ్ళు కొట్టు బాబూ, తర్వాతే తుడువు" అని చెబితే చాలు.

రెండు బకెట్లు ఎందుకంటే...

కారు కడగడానికి ఎండ తగలని వేళ చూసుకోండి. ప్రయాణం చేసి వచ్చీరాగానే వద్దు. బానెట్ మీద చెయ్యి పెడితే చల్లగా ఉండాలి. వేడి రేకు మీద సబ్బునీళ్ళు క్షణంలో ఆరి మచ్చలు కడతాయి.

ముందు చక్రాలు. వాటి మురికి వేరు. బ్రేకుల పొడి, తారు, మట్టి అన్నీ కలిసి ఉంటాయి. వాటికి పాత బకెట్టు, పాత బ్రష్షు విడిగా పెట్టుకోండి. మడి బిందె ముట్టుకోనివ్వనట్టే, ఆ బ్రష్షును బానెట్ దరిదాపులకు రానివ్వకండి.

తర్వాత పైనుంచి నీళ్ళు పోసి వదులు దుమ్మంతా జారిపోనివ్వాలి. ఇప్పుడు రెండు బకెట్లు. ఒకదాంట్లో కార్ల షాంపూ కలిపిన నీళ్ళు, రెండోదాంట్లో వట్టి నీళ్ళు. మైక్రోఫైబర్ గ్లవ్ తొడుక్కుని షాంపూ నీళ్ళలో ముంచి కప్పు మీద మొదలుపెట్టి కిందికి దిగండి. ఒక తలుపు కాగానే గ్లవ్‌ను వట్టి నీళ్ళలో జాడించి, పిండి, మళ్ళీ షాంపూలో ముంచాలి. రెండో బకెట్టు అడుగున చేరే ఇసుక ఒకసారి చూశారంటే, మళ్ళీ జన్మలో ఒకే బకెట్టుతో కడగరు! గుండ్రంగా తిప్పకుండా నిలువుగానో అడ్డంగానో తుడవండి.

బట్టల పౌడరులో క్షారం ఉంటుంది. గిన్నెల సబ్బు జిడ్డుతో పాటు మైనాన్ని కూడా వదిలించేస్తుంది. వంటింటి సామాను వంటింట్లోనే ఉంచండి.

పైపు పెట్టి వదిలేస్తే ఎన్ని నీళ్ళు పోతాయో లెక్కుండదు. బకెట్లతో అయితే నాకు 40 లీటర్లు సరిపోతున్నాయి. 2024 మార్చిలో బెంగళూరులో నీటి ఎద్దడి వచ్చినప్పుడు, తాగునీటితో వాహనాలు కడిగితే 5 వేల రూపాయల జరిమానా అన్నారు. ఆ పరిస్థితి మనకు రాకముందే బకెట్టు అలవాటు చేసుకోవడం మంచిది కదూ!

ఉప్పునీళ్ళూ, కాకిరెట్టలూ

మా గుంటూరు బ్రాడీపేట ఇంట్లో బోరు నీళ్ళే దిక్కు. స్టీలు గ్లాసు ఆరబెడితే తెల్లచారలు కట్టే నీళ్ళవి. కాల్షియం, మెగ్నీషియం లవణాల పని అది. కారు మీదా అంతే. అందుకని కడిగాక ఎండకు ఆరనివ్వకుండా పెద్ద మైక్రోఫైబర్ తువ్వాలు పరిచి అద్దినట్టు తుడిచేయాలి. ఇంకో చిట్కా ఉంది. ఇంట్లో ఏసీ గొట్టం నుంచి కారే నీళ్ళలో లవణాలు దాదాపు ఉండవు. బకెట్టు పెట్టి పట్టుకుని, చివరగా కారు మీద అవే పోస్తున్నాను. అద్దం మీద పాత తెల్లమచ్చలుంటే వెనిగర్‌లో అంతే నీళ్ళు కలిపి, గుడ్డతో అద్ది, వెంటనే మంచినీళ్ళతో కడిగేయండి.

ఇక నా పాత పగ, కాకిరెట్ట. అందులో యూరిక్ యాసిడ్ ఉంటుంది. ఎండ తగిలేకొద్దీ రంగును తినేస్తుంది. కనుక ఆదివారం దాకా ఆగకండి. తడిగుడ్డ దాని మీద కప్పి ఐదారు నిమిషాలు వదిలేస్తే నాని మెత్తబడుతుంది. అప్పుడు రుద్దకుండా ఎత్తేయాలి. ఎండిపోయిన దోసెపిండి గిన్నెను మనం ఎప్పుడన్నా పొడిగా తోముతామా? నానబెడతాం. ఆ ముక్క దసరా ముందురోజు నాకు తట్టలేదు చూశారూ!

పసుపుతో కూడా జాగ్రత్త. పూజనాడు రంగు మీద ముద్దగా రాసి నాలుగు రోజులు ఎండలో ఉంచితే మరక దిగుతుంది. మేమిప్పుడు బొట్లు నంబరు పలకకు పక్కగా, అంకెలు కనబడేట్టు పెడుతున్నాం. దేవుడేమీ అనుకోలేదు.

మెరుపు రావాలంటే

కడిగి ఆరిన కారు మీద, చేతికి పల్చటి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని నిమిరి చూడండి. గరగరలాడితే కడిగినా పోని తారు చుక్కలు, ఇనప రజను అంటుకుని ఉన్నాయన్న మాట. వాటికి క్లే బార్ అని మెత్తటి బంకముద్ద దొరుకుతుంది. చపాతీ ముద్దలా అదిమి, షాంపూ నీళ్ళు చల్లిన చోట తేలిగ్గా జరుపుకుంటూ పోవాలి. మురికైన వైపు లోపలికి మడిచేయాలి. పొరపాటున నేల మీద పడిందా, ఇసుక అంటుకుంటుంది, ఇక పారేయడమే.

పాలిష్, వ్యాక్స్ ఒకటేననుకునేదాన్ని. కాదుట. పాలిష్ పై పొరను ఇసుమంత అరగదీసి గీతల్ని తగ్గిస్తుంది. వ్యాక్స్ పైన కాపలా కాస్తుంది. బ్రెజిల్లో పెరిగే ఒక రకం తాటిజాతి చెట్టు ఆకుల మీది మైనం నుంచి తీసే కార్నోబా వ్యాక్స్‌కి మంచి పేరుంది. పల్చగా రాసి, ఆరాక శుభ్రమైన గుడ్డతో తుడిచేయాలి. మా ఎండలకు అది రెండు నెలలు నిలిస్తే గొప్ప.

నా సాలెగూడు సంగతేమయిందంటారా? చేత్తోనే, ఒక్కో జానెడు చొప్పున, మూడు ఆదివారాలు పాలిష్ చేశాను. గోరుతో గీరినప్పుడు గోరు తగలని గీతలు చాలావరకు సర్దుకున్నాయి. గోరు తగిలేవి మాత్రం పోలేదు. నాలుగున్నాయి. వాటిని అట్లాగే వదిలేశాను.

లోపలి సంగతులు

కారు లోపల మనకు కొత్తేముంది, ఇల్లు సర్దుకున్నట్టే. పట్టాలు తీసి దులపడం, సీట్ల సందుల్లో వాక్యూమ్ పెట్టడం. మొదటిసారి నాకు మూడు పెన్సిళ్ళు, ఒక చెవిదుద్దు, పిల్లలు ఒకరినొకరు దొంగలన్న చాక్లెట్టు దొరికాయి. అద్దాలు లోపలివైపు కూడా తుడవండి. ఎండకు డాష్‌బోర్డు ప్లాస్టిక్ నుంచి వచ్చే ఆవిరి పొరలా పట్టి, రాత్రిపూట ఎదుటి లైట్లకు కళ్ళు చెదురుతాయి. డాష్‌బోర్డుకు నూనెలు, మెరుపు ద్రావకాలు వద్దు, అద్దంలో ప్రతిఫలిస్తాయి. స్టీరింగుకు, పెడల్స్‌కు అసలే వద్దు, జారతాయి.

ఏసీ వేయగానే ముక్క వాసన వస్తే సెంటు సీసా పెట్టడం పరిష్కారం కాదు. చాలా కార్లలో గ్లవ్ బాక్సు వెనకాల ఒక ఫిల్టరు ఉంటుంది. తీసి చూస్తే మన వంటింటి చిమ్నీ గుర్తొస్తుంది. మార్చేయండి. ఇల్లు చేరడానికి మూడు నాలుగు నిమిషాల ముందు ఏసీ ఆపి ఫ్యాను మాత్రం తిరగనిస్తే లోపలి తడి ఆరి వాసన తగ్గుతుంది.

వైపర్ల కింద వానాకాలం ముందు తప్పక చూడండి. మాకైతే గుప్పిళ్ళ కొద్దీ వేపాకు. అక్కడి నీళ్ళు పోయే దారి మూసుకుంటే వాననీరు కారులోకి దిగుతుంది. తలుపుల అడుగున కూడా చిన్న చిన్న రంధ్రాలుంటాయి. అవి మూసుకుపోతే లోపల నీళ్ళు నిలిచి తుప్పు పడుతుంది. ఇంజను మీద మాత్రం పైపు పెట్టకండి. ఇంజను ఆపి, చల్లారాక, తడిపి పిండిన గుడ్డతో పైపైన తుడిస్తే చాలు.

"ఇది ఆడవాళ్ళ పనా?"

ఎదురింటి పెద్దాయన రెండు ఆదివారాలు చూసి, మూడో ఆదివారం ఆగలేకపోయారు. "మీకెందుకమ్మా ఈ శ్రమ? ఇది ఆడవాళ్ళ పనా?" అన్నారు.

"బాబాయిగారూ, కారులో మొట్టమొదట దూరప్రయాణం చేసింది ఎవరో తెలుసాండీ?" అన్నాను. 1888లో బెర్తా బెంజ్ అనే ఆవిడ, భర్తకు చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని జర్మనీలో మాన్‌హైమ్ నుంచి ప్‌ఫోర్జ్‌హైమ్ దాకా, వంద కిలోమీటర్ల పైచిలుకు కారు నడుపుకుంటూ వెళ్ళింది. దారిలో ఇంధనం గొట్టం పూడుకుపోతే టోపీకి పెట్టుకునే పిన్నుతో పొడిచి బాగుచేసుకుంది. వానలో మనందరి ప్రాణం కాపాడే వైపరుకు 1903లో అమెరికాలో పేటెంటు తీసుకున్నది కూడా ఒక స్త్రీయే, మేరీ ఆండర్సన్.

ఆయన కాసేపు ఆలోచించి, "అయితే ఆ ఎడంపక్క కాస్త మురికి మిగిలిందమ్మా" అన్నారు. అప్పట్నుంచీ ఆయనే నా సూపర్‌వైజరు!

ఆ ఎడంపక్కే...

ఇదంతా ఒక ఎత్తు. కిందటి కార్తీకమాసంలో జరిగింది ఒక ఎత్తు.

శ్రీశైలం బయల్దేరాలనుకున్నాం. అత్తయ్యగారూ, పిల్లలూ, మేమిద్దరం. తెల్లవారుజామున ప్రయాణం. ముందురోజు సాయంత్రం కారు కడుగుతున్నాను. ఎడంపక్క వెనక చక్రం గోడ మీద గ్లవ్‌కు ఏదో తగిలింది. మట్టి గడ్డ అనుకుని రుద్దాను. కదల్లేదు. గ్లవ్ తీసి వట్టి చేత్తో తడిమాను. రబ్బరు ఉబ్బి ఉంది. నిమ్మకాయ చెక్కంత ఉబ్బు.

మావారిని పిలిచాను. "మట్టేమోనోయ్" అంటూ వచ్చి, తనూ తడిమి, ఇంకేం మాట్లాడకుండా తాళాలు తీసుకున్నారు. టైరు మార్చి, ఉబ్బినదాన్ని డిక్కీలో వేసుకుని టైర్ల కొట్టుకు వెళ్ళాం. కొట్టతను చూడగానే, "ఏదో గోతిలో పడిందండీ. లోపల దారాలు తెగాయి. గాలి రబ్బరును బయటికి నెడుతోంది. ఇది ఎప్పుడైనా పేలొచ్చు" అన్నాడు. దోర్నాల దాటాక ఘాట్ రోడ్డు, లోపల ఐదుగురం. నాకు కాళ్ళలో వణుకొచ్చింది.

"ఎవరు చూశారు సార్?" అని అడిగాడతను.

"మా ఆవిడ. కారు కడుగుతుంటే" అన్నారు మావారు. ఆ మాటలో బానెట్ మీది గీతలన్నీ మాసిపోయాయి నాకు.

ఇంటికొచ్చాక ఆలోచించాను. మావారు రోజూ కుడిపక్క ఎక్కి కుడిపక్కే దిగుతారు. ఎడం వెనక టైరు ఆయన కంటపడే దారే లేదు. అశ్రద్ధ కాదు, అలవాటు. పైపు పెట్టి నాలుగు నీళ్ళు కొట్టినా అది కనబడదు. చెయ్యి పెట్టి తుడిచినప్పుడే తెలుస్తుంది. బియ్యంలో రాయి చేటలో చెరిగినప్పుడు దొరికినట్టు. కారు శుభ్రం చేయడమంటే మెరిపించడం అనుకున్నాను ఇన్నాళ్ళూ. అసలు లాభం, మన ప్రాణాలు మోసే బండిని వారానికోసారి నఖశిఖపర్యంతం చూడటం.

ఇప్పుడు కడిగినప్పుడల్లా నేను చూసేవి ఇవి. మీరూ చూడండి:

• టైరు పక్కగోడల మీద ఉబ్బు, చీలిక, దిగిన మేకు. ఉబ్బిన టైరుకు ప్యాచ్ పనికిరాదు, మార్చాల్సిందే.

• టైరు గాళ్ళ లోతు. 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే టైరు పని అయిపోయినట్టే. గాళ్ళ మధ్య చిన్న గట్లుంటాయి. టైరు అరిగి వాటితో సమానమైతే మార్చేయండి.

• టైరు వయసు. పక్కగోడ మీద నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం.

• కారు నిలిపిన చోట నేల మీద నూనె మరక.

• లైట్లన్నీ వెలుగుతున్నాయా, వైపరు రబ్బరు బిగుసుకుపోయిందా.

• సీటుబెల్టు పూర్తిగా బయటికి లాగి, పీచులు లేచిందేమో. మురికైతే సబ్బునీళ్ళు చాలు, బ్లీచింగ్ వద్దు. ఆరాకే లోపలికి వదలాలి.

• మైక్రోఫైబర్ గుడ్డలు నూలు బట్టలతో కలిపి ఉతక్కండి, నూగు పట్టుకుంటుంది. మెత్తదనానికి వేసే కండిషనర్ కూడా వద్దు.

అపార్ట్‌మెంటుల్లో ఉండేవాళ్ళకు ఇన్ని నీళ్ళు పోసే వీలుండకపోవచ్చు. రోడ్డు మట్టి గట్టిగా పట్టినప్పుడు బయట కడిగించుకున్నా, లోపల తుడవడం, టైర్లు తడిమి చూడటం సెల్లారులో కూడా చేయొచ్చు. దానికి అరబకెట్టు నీళ్ళు, అరగంట సమయం చాలు.

అన్నట్టు, మొన్న ఆదివారం సంగతి చెప్పలేదు కదూ! నేను బకెట్లు బయటపెట్టేసరికి ఐదో తరగతి చదివే మా అమ్మాయి లంగా ఎగ్గట్టుకుని వచ్చి, "అమ్మా, చక్రాలు నేను కడుగుతా" అంది. బ్రష్షు దాని చేతికిచ్చాను. కాసేపటికి మోచేతుల దాకా నల్లటి మసి. అత్తయ్యగారు గుమ్మంలోంచి చూసి ఏదో అనబోయి ఊరుకున్నారు. నేనూ ఏమీ అనలేదు. మసిదేముంది, సబ్బు పెడితే పోతుంది.

"ఆ ఎడంపక్క వెనకది కూడా బాగా తడుమమ్మా" అన్నారు ఎదురింటి బాబాయిగారు.

గుడ్డ కావాలంది అమ్మాయి. అందించింది మా అబ్బాయి.